నక్క గండిలో రోసమెల్ గూడు

మా ఆయన బెలిసారియో పెళ్లికి ముందు మేకలు తోలేవాడు. కొండ మీద స్కీయింగ్ రిసార్టు వచ్చాక కావలి ఉద్యోగంలో చేరి, ఎర్రకోటు తొడిగి మనుషుల్ని తోలడం మొదలుపెట్టాడు.

"మేకలే నయమే! మాట వినకపోయినా కర్రకి వింటాయి. వీళ్ల మీద కర్రెత్తకూడదంట" అనేవాడు, తడిసిన బూట్లు పొయ్యి పక్కన ఆరబెడుతూ.

ఈ ఏడు ఆకులు రాలే రోజుల్లో ఆయన పోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్లందరూ ఆయన కొండ మీంచి మోసుకొచ్చిన మనుషుల గురించే చెప్పుకున్నారు. వాళ్లు చెప్పని సంగతి ఒకటి ఉంది. నాకు ఆయనంటే గౌరవం పెరిగింది దాంతోనే.

స్కీలకొచ్చేవాళ్ల తెలివి గురించి మా వంటింట్లో రోజుకో కథ నడిచేది. ఎండ బాగుందని కోటు కారులో వదిలేసి పైకెళ్లి, సాయంత్రానికి పళ్లు టకటకలాడిస్తూ దిగిన పెద్దమనిషి ఒకడు. జీవితంలో మొదటిసారి స్కీలు కట్టుకుని, అన్నిటికంటే నిటారు వాలు మీదికి పెళ్లాన్ని లాక్కెళ్లి, ఆవిడ కదలనని మంచులో కూలబడితే "నా పరువు తీస్తున్నావు" అని అరిచినవాడు ఇంకొకడు. మా ఆయన ముందు ఆవిణ్ని దింపుకొచ్చాడు. తర్వాత ఆ మొగుణ్ని దింపడానికి మళ్లీ ఎక్కాల్సి వచ్చింది.

స్కీలవాళ్లని కొండెక్కించే పై లిఫ్టు దాటాక కుడిచేతి వైపు నక్క గండి. చూస్తే పిండి ఆరబోసినట్టు మెత్తటి మంచు. రెండు గట్ల మీద పేరుకున్న మంచు ఎప్పుడు విరుచుకుపడుతుందో ఎవరికీ తెలియదు. అందుకే అడ్డంగా తాడు కట్టి ఉంటుంది. ఆ తాడు దాటిపోయిన ముగ్గురిని వెనక్కి పిలవబోయి, మా ఆయన జతగాడు రోసమెల్ మంచుచరియ కింద పడి చనిపోయాడు. ఆ ముగ్గురికీ చిన్న గీత కూడా పడలేదు.

మా వైపు మనిషి అకాలంగా పోయిన చోట చిన్న గూడు కట్టి దీపం పెడతాం. ఆనిమిత అంటాం దాన్ని. ఉలిక్కిపడి బయటికొచ్చిన ప్రాణానికి అది ఇల్లు. మా ఆయన రేకుతో గూడు చేసి, నీలం రంగు వేసి, మంచులో మునగకుండా పొడుగాటి గుంజ మీద బిగించి, గండి లోపల పాతాడు. రోసమెల్ తల్లి జునిల్డమ్మ కొడుకు టోపీ అందులో పెట్టింది.

"తాడు చెప్పలేని మాట ఇది చెబుతుంది. దీన్ని చూశాక ఎవడికైనా కాళ్లాడతాయా?" అన్నాడు మా ఆయన. నిజమే అనిపించింది మాకందరికీ. ఆనిమిత కనిపిస్తే మా ఊళ్లో తాగుబోతు కూడా టోపీ తీసి ఆగుతాడు.

చలికాలమంతా, లిఫ్టులు ఆపాక కావలివాళ్లు ఆఖరి చుట్టు తిరుగుతూ తాడు కింద దూరి, గూటిలో కొవ్వొత్తి వెలిగించి దిగేవారు.

మాకు ఆగస్టంటే నడి చలికాలం. ఒక ఆగస్టులో, కళ్లు కనబడనీయకుండా మంచు చిమ్మే తెల్లగాలి మొదలవుతుండగా, బ్రెజిల్ నుంచి వచ్చిన పళ్ల డాక్టరూ ఆయన బావమరిదీ కిందికి రాలేదని తెలిసింది. మా ఆయన నక్క గండిలోకి దిగాడు. ఒక స్కీ పోగొట్టుకుని, బండ కింద నక్కి, ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు.

"తాడు కనబడలేదా సారూ?" అన్నాడు మా ఆయన, వాళ్లని పైకి లాగుతూ.

"కనబడింది బాబాయ్. తాడు కింద స్కీల జాడలు కూడా కనబడ్డాయి. రోజూ ఎవరో వెళుతున్నారు కదా, ఇదీ దారేననుకున్నాం" అన్నాడు డాక్టరు.

"మరి ఆ గూడు?"

"పిట్టలకి పెట్టారనుకున్నా" అన్నాడు బావమరిది.

"నోర్ముయ్యవయ్యా. అది మంచు కొలిచే పెట్టె అని చెప్పానుగా!" అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి మా ఆయన సూపు ముట్టలేదు.

"ఆ జాడలు మావే, దీపం పెట్టొచ్చినవి. రోసమెల్ ఇంటికి వాళ్లని దారి చూపించి మరీ పంపింది నేనే" అన్నాడు.

"సగం తప్పు వాళ్ల తలకాయలది" అన్నాను.

"తలకాయలున్నవాళ్లకి కావలెందుకే?"

ఆ ఆదివారం ఇద్దరం జునిల్డమ్మ దగ్గరికి వెళ్లాం. గూడు కిందికి తెచ్చి లిఫ్టు పక్కన పెడతానని అడిగాడు. ఆవిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. కత్తి ఆపలేదు.

"చచ్చినవాడికి ఇల్లు మార్చాలంటే వాడు మళ్లీ చావాల్రా."

"మార్చకపోతే పక్కన ఇంకో గూడు కట్టాలమ్మా."

"కట్టు. తాడు దాటే గాడిదకి గూడేం సరిపోతుంది, కొట్టం కట్టు."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "గాడిదలు బతికే బయటపడతాయమ్మా. గూడు వాళ్ల వెనకాల వెళ్లినవాడికి."

కత్తి ఆగింది. "నువ్వు వెళ్లకు మరి" అందావిడ ఆయనతో, నా వంక చూస్తూ.

"ఎలా కుదురుతుంది? నీ కొడుక్కి కుదిరిందా?"

పొయ్యి మీద నీళ్లు మరిగి పొంగితే నేనే లేచి దించాను.

"గూడు కదపొద్దు" అంది చివరికి. "గుంజ పొట్టిగా కోసెయ్, గూటిని మంచు కప్పేస్తుంది. మంచున్నన్నాళ్లూ ఒక్కడూ అటు అడుగెయ్యకూడదు, నువ్వు కూడా. ఎవరన్నా అడిగితే జునిల్డ వద్దందని చెప్పు."

"చలికాలమంతా దీపం లేకుండానా అమ్మా?"

"మావాడు చీకటికి జడిసే రకమా? ఆగుతాడు. ఆగడం నాకూ వచ్చు."

మర్నాడే గుంజ కోశాడు. కొత్త మంచు కురిసి పాత జాడలు పూడ్చేసింది. తోటివాళ్లు కొందరు స్నేహితుణ్ని మరిచాడని మూతులు తిప్పారు. ఆయన పట్టించుకోలేదు. మరుసటి ఆగస్టులో రోసమెల్ పోయిన రోజున తాడు దగ్గర నిలబడ్డాడు గానీ దాటలేదు. స్కీలవాడొకడు వచ్చి అడిగాడట:

"అటు బాగుంటుందా పెద్దాయనా?"

"ఎవరైనా వెళ్లినట్టు కనబడుతోందా?"

వాడు మెడ చాచి చూసి, జనం ఉన్న వైపు మళ్లాడు.

డిసెంబరు ఎండలకి మంచు కరిగి గండి బయటపడింది. జునిల్డమ్మ కంచరగాడిద ఎక్కి, సంచీ నిండా కొవ్వొత్తులతో వచ్చింది. మేమిద్దరం పక్కన నడిచాం. రంగు పొరలూడిన గూటిని కొంగుతో తుడిచి, టోపీ దులిపి మళ్లీ లోపల పెట్టింది.

"ఈ చలికాలం మావాడి దగ్గరికి ఎవరన్నా వచ్చారట్రా?"

"ఒక్కరూ రాలేదమ్మా" అన్నాడు మా ఆయన, తలెత్తి.

"మంచిది" అని అగ్గిపుల్ల గీసింది.