ఆఖరున మంచినీళ్ళు

పోయిన వారం మా షెడ్డుకు నాలుగు డబ్బాల గులాబీ రంగు మందు వచ్చింది. వాటిని చూడగానే నేను చేసిన మొదటి పని, గోడకున్న నీళ్ళ కుళాయి పిడి ఊడదీసి జేబులో వేసుకోవడం. నాతో పనిచేసే కేరళ ఆయన కాసేపు నన్నూ, పిడిలేని కుళాయినీ మార్చి మార్చి చూసి టీ తాగడానికి పోయాడు. ఎండదెబ్బ అనుకుందామన్నా అది డిసెంబరు. మస్కట్‌కు ఎగువన మా షినాస్‌లో చలికాలమంటే ఫ్యాను మూడు నుంచి ఒకటికి తగ్గించుకునే కాలం. ఇక్కడ పడవ ఇంజిన్‌లో నీళ్ళు గడ్డకడతాయంటే చేపల బజారులో పిల్లి కూడా నమ్మదు. కానీ ఇక్కడి పడవలు అప్పుడప్పుడు చలిదేశాలకు ఓడెక్కి పోతుంటాయి. పోయేముందు ఇంజిన్‌లోని నీళ్ళన్నీ తీసేసి, చలికి గడ్డకట్టని ఈ మందు ఎక్కించాలి. లేకపోతే అక్కడి చలికి లోపలి నీళ్ళు మంచుగడ్డై, ఉబ్బి, ఇనుమును పగలగొడతాయి.

ఈ సంగతి నాకు నేర్పింది మా కాక. సొంత కాక కాదు, పక్క ఊరాయన, వరస కలిపి పిలిచేవాణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా ఆ షెడ్డులోనే ఉన్నాడు. ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టి, పిల్లలకు జ్వరం చూసినట్టు చూసి రోగం చెప్పేవాడు. ఆయన దగ్గర ఒకటే శాస్త్రం. సముద్రంలోంచి వచ్చిన ఏ పడవకైనా, దానికి ఏ మరమ్మతు చేసినా, ఆఖరున పైపు తగిలించి పది నిమిషాలు మంచినీళ్ళు పట్టాలి. "ఉప్పు ఇనుమును తింటది బిడ్డా, కడగకుండ ఇడిస్తె పాపం" అనేవాడు. మరిచిపోతే ఆ పూట నాకు చాయ్ పోసేవాడు కాదు. ఆరు నెలలు తిరిగేసరికి నా చేతులు నన్నడక్కుండానే కుళాయి దగ్గరికి పోవడం మొదలుపెట్టాయి. నేను దాన్ని పనితనం అనుకునేవాణ్ణి.

ఏడెనిమిదేళ్ళ కింద నవంబరులో, ఒక తెల్ల దొర ఉద్యోగం ముగించుకుని తన పడవను తన చలిదేశానికి పంపుకుంటూ మా దగ్గరికి తెచ్చాడు. కాకకు అదే చివరి పని. వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి పోతున్నాడు, మళ్ళీ రాడు. ఆయన తొందర ఎవరికోసమో మేముండే రూములో అందరికీ తెలుసు. తల్లి పోయాక ఆయన్ను సాకింది అక్క. ఆమెకు కిడ్నీలు పాడైపోయాయి, వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయిస్తున్నారు. రోజూ సాయంత్రం వీడియోలో "ఇంకెన్నొద్దులురా?" అని అడిగేది. కాక ఆమెకు ఈ గులాబీ మందు పని ఎందుకో చెబితే ఆమె, "నీళ్ళు ఇనుమును పలగ్గొడ్తయా? మరి మనుషులెట్ల బతుకుతున్నరురా ఆడ?" అంది. కాక నవ్వాడు.

పని సజావుగానే జరిగింది. ఇంజిన్ నీళ్ళు పీల్చే గొట్టాన్ని గులాబీ మందు బకెట్లో ముంచి, ఇంజిన్ నడిపించి, వెనక పొగగొట్టంలోంచి గులాబీ రంగు వచ్చేదాకా చూసి కాక ఆపేశాడు. పని అయిందని కాగితం మీద సంతకం పెట్టి, యజమాని దగ్గరున్న పాస్‌పోర్టు సంగతి మాట్లాడటానికి ఆఫీసుకు పోయాడు. నేనొక్కణ్ణే మిగిలాను. అంతా జిగటగా, గులాబీగా ఉంది. చేతులు వాటి దారిన అవి పోయాయి. పైపు తగిలించి, ఇంజిన్ నడిపించి, వెనకనుంచి తేటనీళ్ళు వచ్చేదాకా కడిగాను. తుడిచి, మూతలు బిగించి, మెరిసిపోతున్న పడవను చూసుకుని మురిసిపోయాను కూడా. ఆ సాయంత్రమే లారీ వచ్చి దాన్ని రేవుకు తీసుకుపోయింది.

శుక్రవారం కాకకు రూములో సాగనంపు విందు. మటన్ ఉడుకుతోంది, నేను ఉల్లిగడ్డలు తరుగుతున్నాను, కాక అట్టపెట్టెకు తాడు కడుతూ ఆ మందు గొప్పతనం అందరికీ చెబుతున్నాడు. "ఆ మందు లోపల్నే ఉండాలె. ఉంటెనే ఇంజిన్ బతుకుతది." నేను తలెత్తకుండా, శభాష్ అంటాడనే ఆశతో, "నేను తర్వాత మంచిగ కడిగిన కాకా, పది నిమిషాలు" అన్నాను. తాడు కడుతున్న చెయ్యి ఆగిపోయింది. మందు పోయి నీళ్ళే ఇంజిన్‌లో మిగిలాయని నాకు అప్పుడు అర్థమైంది. ఓడ కదిలి రెండు రోజులైంది.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నా పక్కన కూర్చుని, మిగిలిన ఉల్లిగడ్డలు తనే తరిగి, "రేపు అర్బాబ్‌కు చెప్త. నేనే మర్శిపొయ్యి కడిగిన అని. నువ్వు నోరు తెరవకు. నువ్వు అచ్చి ఏడాది కాలే, నిన్ను పంపిస్తె ఇంటికాడ ఏం తింటరు?" అన్నాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కదా, సోమవారం మీ విమానం కదా అని రూములో ఒకాయన అన్నాడు. "ఆ సాబు పిల్లలను ఎక్కిచ్చుకొని పోతడు. నడి సముద్రంల పలిగితె?" అన్నాడు కాక. ఆయన వద్దన్నాడు కాబట్టే నేను నోరు తెరవలేదని ఇన్నేళ్ళూ చెప్పుకుంటున్నాను. నిజానికి ఆయన వద్దనాలనే నేను చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు కాక అన్నట్టే చెప్పాడు. దొరకు ఫోను చేస్తే సరిపోతుందని కాక ఆశ. అర్బాబ్ అంటే మా షెడ్డు యజమాని, చెడ్డవాడు కాదు, పేరు పోతుందంటే మాత్రం వణికేవాడు. ఆ దొర ద్వారా ఆయనకు ఇంకో పది పడవలు వస్తాయి. దొర నంబరు ఆయన దగ్గరే ఉంది, ఫోను చెయ్యలేదు. "ఇంజిన్ చాలూ హోగా, తబ్ జావో", అక్కడ ఇంజిన్ నడిచాకే పో అని, అర్బాబ్ కాక పాస్‌పోర్టును తన సొరుగులో పెట్టుకున్నాడు. ఆ దేశంలో చలి వదిలి, పడవను నీళ్ళలోకి దింపి, ఇంజిన్ నడిపించి చూసేది మార్చిలో.

తాడు కట్టిన అట్టపెట్టె మంచం కింద అలాగే ఉండిపోయింది. దాన్ని విప్పితే ఇక పోనని ఒప్పుకున్నట్టే అని కాబోలు, కాక నాలుగు నెలలూ రెండే చొక్కాలతో గడిపాడు. రోజూ నా ఫోనులో ఆ ఊరి చలి ఎంతుందో చూపించమనేవాడు. సున్నాకు దిగువన అంకె కనబడితే ఇద్దరం అన్నం తినేవాళ్ళం కాదు. సముద్రం గుమ్మం ముందే ఉంది, దాని మీద ఎటైనా పోయే పడవలను మేమే బాగుచేసి పంపుతున్నాం, మేమిద్దరం మాత్రం ఆ షెడ్డులోంచి అంగుళం కదల్లేం. నేను రెండుసార్లు అర్బాబ్ గదిదాకా పోయాను, తప్పు నాదని చెప్పడానికే. రెండుసార్లూ డీజిల్ ఫిల్టర్లు అయిపోయాయని చెప్పి వచ్చాను. ఆ ఏడాది మా షెడ్డులో ఉన్నన్ని ఫిల్టర్లు మస్కట్ మొత్తంలో ఉండి ఉండవు.

జనవరిలో అక్క పోయింది. కాక షెడ్డు వెనక వలల కుప్ప మీద కూర్చుని వీడియోలో చూశాడు. చితి దాకా తీసుకుపోయాక అక్కడివాళ్ళు ఫోను కట్ చేశారు. ఆయన లేచి చేతులు కడుక్కుని, సగం విప్పిన ఇంజిన్ దగ్గరికి పోయి, దాన్ని బిగించి, ఆఖరున దానికి పది నిమిషాలు మంచినీళ్ళు పట్టాడు.

మార్చిలో దొర ఫోను చేశాడు. ఇంజిన్ మొదటి దెబ్బకే అందుకుందట. అర్బాబ్ ఊపిరి పీల్చుకుని, అప్పుడు ధైర్యంగా అసలు సంగతి చెప్పాడు. దొర నవ్వాడట. తన ఊరి పడవలవాళ్ళు ఎవరి పనినీ నమ్మరు, ఎవరు చేసి పంపినా ఓడలోంచి దింపిన రోజే అంతా ఒంపేసి మళ్ళీ మందు పోస్తారు, అది వాళ్ళ ఆనవాయితీ అన్నాడట. అంటే కాక విమానం ఎక్కాల్సిన రోజు నుంచి నెల తిరక్కుండానే ఆ ఇంజిన్‌కు గండం తప్పిపోయింది. ఒక్క ఫోను చేసి ఉంటే తెలిసేది. కాక ఇదంతా విని, అట్టపెట్టె బయటికి లాగి, దాని మీద దుమ్ము తుడిచాడు. "మంచిదే, సాబు పిల్లలకు భయం లేదు" అన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఇప్పటికీ పండుగలకు ఊరినుంచి ఫోను చేస్తాడు.

పోయిన వారం వచ్చిన మందు ఎక్కించిన పడవ నిన్న లారీ ఎక్కి రేవుకు పోయింది. అది కనుమరుగయ్యాక గానీ కుళాయి పిడి మళ్ళీ బిగించలేదు. ఎంత పెద్ద ఇంజిన్‌లోని నీళ్ళైనా బిరడా తీస్తే పావుగంటలో దిగిపోతాయి, ఆ నాలుగు నెలలు మాత్రం ఇన్నేళ్ళైనా నాలోంచి దిగిపోలేదు.