మోటరు ఆంటీ సాక్షిగా

ఆ రోజుల్లో నేను నేనేనని లోకానికి చెప్పగలిగిన వస్తువు ఒక్కటే ఉండేది. అది నా ఫోను. ఆఫీసు లాప్‌టాప్ తెరవాలంటే పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, ఫోనులో ఒక యాప్ చూపించే కోడు కూడా కొట్టాలి. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసే కాలం కాబట్టి ఆఫీసులో నన్ను చూసినవాళ్లు లేరు, నేనూ ఆఫీసును చూడలేదు. నన్ను ఇంటర్వ్యూ చేసినాయన నేను చేరేలోపే మానేశాడు (ఈ రెండిటికీ సంబంధం లేదనే ఇప్పటికీ నమ్ముతున్నాను).

గడ్డిఅన్నారంలో ఒక ఇంటి డాబా మీద గది మాది. మాది అంటే నాదీ, బావదీ. బావ నిజానికి ఎవరికీ బావ కాడు. తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు, అందరినీ బావా అని పిలిచి చివరికి తనే బావ అయిపోయాడు. ఆ గదికి కిరాయితోపాటు ఒక బాధ్యత కూడా ఉండేది. నీళ్ల ట్యాంకు మా నెత్తిమీదే ఉంటుంది గనక మోటరు స్విచ్చు మా తలుపు పక్కనే పెట్టారు. ట్యాంకు నిండగానే కట్టేయడం పైగదివాళ్ల పని. పగలు బావ ఉండడు కాబట్టి ఆ పదవి నాకు దక్కింది. ట్యాంకు పదకొండింటికి నిండేది, మా టీమ్ మీటింగూ పదకొండింటికే. నేను మీటింగుకు విలువిచ్చేవాణ్ని, ఓనర్ ఆంటీ ట్యాంకుకు విలువిచ్చేది. ఆవిడది నల్గొండ దగ్గర పల్లె. కింద నిలబడి పిలిస్తే నేను మ్యూట్ నొక్కేలోపే టీమంతా వినేసేది. కెమెరా మాత్రం నేనెప్పుడూ ఆన్ చేయలేదు. సిగ్నల్ అందే ఒకే ఒక్క మూలలో, సరిగ్గా నా వెనక, తాడు మీద బావ బనీన్లు ఆరుతుండేవి.

ప్రొబేషన్ ముగిసే వారంలో ఫోను బాగా నెమ్మదించింది. "రీసెట్ కొట్టెయ్ బావా, కొత్త పెళ్లికొడుకులా అయిపోద్ది" అన్నాడు బావ. ఫొటోలన్నీ జాగ్రత్తగా దాచుకుని (అందులో సగం ఎవరో పంపిన శుభోదయాలే) రీసెట్ కొట్టాను. ఫోను నిజంగానే కొత్త పెళ్లికొడుకులా అయింది. గతం గురించి ఏమడిగినా తనకేమీ తెలియదంది.

మర్నాడు లాప్‌టాప్ కోడు అడిగింది. యాప్ మళ్లీ దించుకుని తెరిస్తే లోపల ఏమీ లేదు. ఫిర్యాదు పెడదామని కంపెనీ సహాయం పేజీకి వెళ్తే, లోపలికి రావడానికి కోడు కొట్టమంది. కోడు పోయిందని చెప్పడానికి కూడా కోడు కావాలన్నమాట. సాయంత్రంలోగా క్లయింటుకు రిపోర్టు వెళ్లాలి. వెళ్తేనే పర్మనెంటు సంగతి మాట్లాడదామని మేనేజరు మేడం ముందే చెప్పి ఉంది. కోచింగుకు బయల్దేరుతున్న బావకు విషయం చెబితే, వాళ్ల దగ్గర ఫిజిక్స్ పోస్టు ఒకటి ఖాళీగా ఉందని ఓదార్చి వెళ్లిపోయాడు.

లాప్‌టాప్ అడుగున అంటించిన హెల్ప్‌డెస్క్ నంబరు చూసి ఫోన్ చేశాను. అవతల ఒక మర్యాదగల అమ్మాయి. కోడు మళ్లీ ఇవ్వాలంటే మా మేనేజరు నన్ను వీడియోలో చూసి, ఇతను మావాడేనని చెప్పాలట. నా సొంత మెయిలుకు లింకు పంపింది. బనీన్లు తీసి మంచం కిందికి తోసి, ఆ లింకు ఫోనులోనే తెరిచి, ఉద్యోగంలో మొదటిసారి కెమెరా ఆన్ చేశాను. మా మేడంది గుంటూరు వైపు. కాసేపు నన్ను తేరిపార చూసి నిజమే చెప్పింది.

"ఏమోనమ్మా, ఈ అబ్బాయిని నేనెప్పుడూ చూళ్లేదు."

అమ్మాయి రికార్డులో ఉన్న ఫొటో తీసింది. అది దిల్‌సుఖ్‌నగర్ స్టూడియోలో దిగింది. ఆ స్టూడియో ఆయన నాకు లేని కోటు తొడిగి, ఉన్న రంగు తీసేశాడు. ఫొటోలో ఆయన వేరేగా ఉన్నారండీ, అంది అమ్మాయి. కోటు కంప్యూటర్‌దని ఒప్పుకున్నాను. మరి ముఖం ఎవరిదని ఆమె అడగలేదు. గొంతు మాత్రం అతనిదేనని మేడం అంటే, గొంతొక్కటే సరిపోదండీ అంది అమ్మాయి. నాకు ఫిజిక్స్ సిలబస్ గుర్తొచ్చింది. అప్పటికి పదకొండు దాటింది.

"ఓ పిల్లగా, ట్యాంక్ నిండి నీళ్లన్ని రోడ్డు మీదికి పోతున్నయ్. జర మోటర్ బంద్ జెయ్యరాదు?"

అలవాటు కొద్దీ నా వేలు మ్యూట్ మీదికి పోయింది.

"ఆపకు, ఆపకు" అంది మేడం, నవ్వుతూనే. "ఇతనేనమ్మా. ఈవిడ రోజూ మా మీటింగులో ఉంటారు. మా క్లయింటుకి నాకన్నా ఈవిడే బాగా తెలుసు."

మోటరు ఇంకా ఆగకపోయేసరికి ఆంటీ మెట్లెక్కి వచ్చి, స్విచ్చు తనే కట్టేసి, నా చేతిలో ఫోను వైపు అనుమానంగా చూసింది. నేను నేనేనా అని ఆఫీసువాళ్లు అడుగుతున్నారని చెప్పాను. ఆవిడకు ఇందులో వింతేమీ కనిపించలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని ఫోనులోకి వంగింది.

"గీ పిల్లగాడు మా ఇంట్లనే కిరాయికుంటడమ్మా. మంచోడే, ఏ లొల్లి లేదు. గా మోటర్ ఒక్కటే యాదికుండది."

"మా దగ్గరా అంతేనండీ" అంది మేడం.

ధ్రువీకరణ మేడం పేరు మీదే రాసుకుంటానని అమ్మాయి చెప్పింది. ఆంటీని రాసుకునే చోటు వాళ్ల పద్ధతిలో లేదట. కొత్త కోడు వచ్చింది, చీకటి పడకముందే రిపోర్టు వెళ్లింది, ఆ తర్వాత ఉద్యోగం పర్మనెంటైంది. బావ వాళ్ల కోచింగ్ సెంటరుకు ఫిజిక్స్ చెప్పే మనిషి మాత్రం చాలా కాలం దొరకలేదు.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. ఇక్కడ ట్యాంకు నిండితే మోటరు దానంతటదే ఆగిపోతుంది. ఈమధ్య ఫోను మార్చినప్పుడు కోడ్లన్నీ ముందే కొత్తదాన్లోకి మార్చుకున్నాను, నువ్వెవరని నన్నెవరూ అడగలేదు. మొన్న బండి మీద గడ్డిఅన్నారం వైపు వెళ్తుంటే పాత ఇంటి ట్యాంకు నుంచి నీళ్లు రోడ్డు మీద పడుతున్నాయి. "ఓ పిల్లగా" అని కింది నుంచి అదే కేక. పైగదిలో ఎవరో కుర్రాడు మీటింగులో ఉన్నట్టున్నాడు. పిలిచింది నన్ను కాదని తెలుసు. అయినా బండి పక్కకు ఆపి, నీళ్లు ఆగేదాకా అక్కడే నిలబడ్డాను.