మా ఊళ్ళో నిన్న ఎవరూ ఏమీ చెయ్యలేదు

ఇప్పుడు మీకో మహాకావ్యం చెప్పబోతున్నాను. ఇందులో సముద్రాల అవతలి జాతి ఒకటుంది, గూఢచారి ఉంది, దాచిన సొత్తు ఉంది, ప్రభుత్వ జీపు ఉంది, అర్ధశతాబ్దం నాటి అగ్నిప్రమాదం కూడా ఉంది. కంగారుపడకండి. ఆ జాతి మా ఊరికి రాలేదు, జెరాక్స్ కాగితాల్లో వచ్చింది. గూఢచారి మా వదిన. సొత్తు పొగాకు. కావ్యం అని ఎందుకన్నానంటే, పొగాకు బేళ్ళ గురించి రాస్తున్నానంటే మా ఇంట్లోవాళ్ళు కూడా చదవరు.

మొన్న ఆదివారం వదిన వాట్సాప్‌లో ఒక ఆడియో పంపింది. పాత క్యాసెట్లన్నీ ఎవరిచేతో కంప్యూటర్లోకి ఎక్కిస్తోందట. నొక్కి చూస్తే ముందు గరగర, తర్వాత ఫ్యాను చప్పుడు, గేదె అరుపు, ఆ వెనకే మా పెదనాన్న గొంతు: "ముందా టేపు ఆపమ్మాయ్, తర్వాత మాట్లాడదాం." అంతే, ఆ తర్వాత నిశ్శబ్దం. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇలాంటప్పుడు కళ్ళు చెమర్చాలి. నాకు మాత్రం ముక్కులో పొగాకు ఘాటు తగిలినట్టయి తుమ్మొచ్చింది.

మా ఊరు పర్చూరుకీ చిలకలూరిపేటకీ మధ్యన, ఏ బస్సూ తనంతట తాను ఆగాలనుకోని చోట ఉంటుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. మా అన్నయ్య పేటలో స్పిన్నింగు మిల్లులో షిఫ్టులు చేసేవాడు. నేను డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చేదాకా దానికి దారి అడ్డుకోకూడదని ఇంట్లోనే ఉండేవాణ్ణి. వదిన కొత్తగా కాపరానికొచ్చింది. కొత్తకోడలి సూట్‌కేసు తెరిస్తే చీరల కింద టేపురికార్డరు, దాని కింద ఖాళీ క్యాసెట్లు, వాటి కింద దస్తాల కొద్దీ జెరాక్సులు బయటపడ్డాయి. అమ్మ చాలాసేపు చూసి, "పాటలు బాగా వింటావా అమ్మాయ్?" అంది. వదిన భాషాశాస్త్రంలో ఎం.ఫిల్. సగంలో ఉందని మాకు తెలుసు, కానీ ఆ మిగతా సగం మా ఊళ్ళో చేస్తుందని తెలీదు. వాళ్ళ మాస్టారు ఆ ఏడాదే రిటైరవుతున్నారట. వేసవి సెలవుల్లోపు ముప్పైమంది పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసి రాసివ్వకపోతే అంతవరకూ చదివిందంతా గంగలో కలిసినట్టే. అమ్మ కూడా తన గడువు తను పెట్టింది: "ఈ ఎండాకాలం దాకా నీ ఇష్టం. తర్వాత ఆ పెట్టె అటకెక్కాల్సిందే."

ఒకరోజు గోంగూర వలుస్తూ వదిన నాకు తన చదువేమిటో చెప్పింది. కాలిఫోర్నియా ఉత్తరాన క్లామత్ అనే నది ఒడ్డున కరుక్ అనే జనం ఉన్నారట.

"కరుకుగా మాట్లాడతారా వదినా?"

"ఈ జోకు మా క్లాసులో అందరూ వేశారు. నువ్వే ఆఖరు."

వాళ్ళ భాషలో క్రియ తర్వాత ఒక చిన్న ముక్క వచ్చి అది ఏ కాలం నాటిదో చెబుతుందట. నాకు అర్థమైనంతలో, జరిగిపోయినదానికి 'అట్' అనే ముక్క ఉంది. ఎప్పుడో పూర్వం జరిగినదానికి, తాతముత్తాతల నాటి ముచ్చట్లకి 'అనిక్' అనే ముక్క వేరేగా ఉంది. ఒక పని కంటే ముందే అయిపోయిన పనికి ఇంకోటుంది. మనకేమో పొద్దున ఇడ్లీ తిన్నా 'తిన్నాడు' అనే అంటాం, మా ముత్తాత జొన్నన్నం తిన్నా 'తిన్నాడు' అనే అంటాం. ఎంత పాతదో చెప్పడానికి మొన్న, అప్పట్లో, ఆ రోజుల్లో అంటూ పక్కమాటలు తెచ్చుకుంటాం. మన పెద్దవాళ్ళు ఏ గతాన్ని దగ్గర పెట్టుకుంటారు, దేన్ని దూరం పెడతారు, ఆ గీత ఎక్కడ గీస్తారు అన్నది వదిన తేల్చాలి. అందుకని ప్రతివాళ్ళనీ మూడే మూడు ప్రశ్నలు అడగాలి. నిన్న ఏం చేశారు? కిందటేడు ఏం చేశారు? మీ చిన్నతనంలో ఏం జరిగింది?

ఈ మూడు ప్రశ్నలూ భూమ్మీద ఏ ఊళ్ళో అడిగినా కాఫీ ఇచ్చి జవాబు చెబుతారు. మా ఊళ్ళో ఆ ఏడాది సగంమంది లైసెన్సులో రాసినదానికంటే ఎక్కువ పొగాకు వేసి కూర్చున్నారు. ఒంగోలు పొగాకు ఆఫీసు వాళ్ళు తనిఖీకొస్తే అడిగేవి అచ్చంగా ఇవే. వాళ్ళకి టేపురికార్డరు ఉండదు, అదొక్కటే తేడా.

అప్పటికే ఊరు ముక్కు ఎగబీల్చి వాసన చూస్తోంది. దానికి నా వంతు సాయం నేను చేశాను. టీ బంకు దగ్గర పెదనాన్న నన్ను పట్టుకుని, "ఏరా, మీ వదిన ఆ క్యాసెట్లన్నీ ఎక్కడికి పంపిద్ది?" అన్నాడు. "ముందు ఒంగోలు ఆఫీసుకి పెదనాన్నా. అక్కణ్ణించి అమెరికాకి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా జోకులకి ఎవరూ నవ్వకపోవడం మామూలే కాబట్టి నేను పట్టించుకోలేదు. కానీ బెంచీ మీద ఉన్న నలుగురూ గ్లాసులో టీ ఉండగానే లేచి తలో దిక్కుకీ వెళ్ళారు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

మర్నాటినుంచి మా ఊరికి గతం లేకుండా పోయింది. వదిన మిరప కల్లాల్లోకి వెళ్ళి, ఎర్రటి ఎండలో ఎర్రటి కాయల మధ్య నిలబడి, చెంగుతో ముక్కు మూసుకుని అడిగేది. "నిన్నా? నిన్న నేనసలు ఊళ్ళోనే లేనమ్మా" అన్నాడొకాయన. నిన్న ఆయన మా ఇంటి ముందునుంచి మూడుసార్లు వెళ్ళాడు. ఇంకొకాయన, "కిందటేడు వానల్లేవు, ఏమీ వెయ్యలా" అన్నాడు. ఆయన వెనక వసారాలో కర్రలకి కట్టిన పొగాకు తోరణాల్లా వేలాడుతోంది. ఒక పెద్దావిడైతే, "నాకు మతిమరుపమ్మా, చిన్నప్పట్నించీ ఉంది" అంది. చిన్నప్పట్నించీ ఉన్నట్టు ఎలా గుర్తుందని నేను అడగబోతే వదిన నా కాలు తొక్కింది. పెదనాన్న సరే సరి, టేపు ఆపమన్నాడు. ఆపాక కూడా మాట్లాడలేదు. పదిహేను రోజుల్లో వదినకి దొరికిన మనిషి ఒక్కడూ లేడు. ఆవిడ ఏడవలేదు గానీ, రోజూ సాయంత్రం ఖాళీ క్యాసెట్లు తుడిచి మళ్ళీ డబ్బాలో పెడుతుంటే చూడలేకపోయేవాణ్ణి. ఆ జోకు నాదేనని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఈలోగా మా ఇంట్లో పొగాకు వాసన మొదలైంది. నాన్నకి పొగాకు లైసెన్సున్నా మేం ఆ ఏడాది అంతా మిరప, పత్తే వేశాం. ఇంట్లో ఆకు ముక్క లేదు. అమ్మ లెక్క తేలిగ్గా తేలింది. పొద్దున్నే నా చొక్కా వాసన చూసింది, మధ్యాహ్నం తలగడ చూసింది, సాయంత్రం "ఒరేయ్, నోరు తెరువు" అంది. ఆ వారంలో నేను ఒక్క సిగరెట్టూ కాల్చలేదు. నిజం చెప్పేవాణ్ణి ఎవరూ నమ్మరని నాకు అర్థమైంది అప్పుడే. దానికి ముందు నేనా ప్రయత్నం పెద్దగా చేసి ఉండలేదు.

అసలు సంగతి వదిన కనిపెట్టింది. నన్ను మా కొట్టుగదిలోకి పిలిచి, మిరపకాయల ఖాళీ గోతాల గుట్టని పక్కకి లాగింది. కింద పదహారు బేళ్ళు! గోనె కుట్టు చూడగానే తెలిసిపోయింది, అది పెదనాన్న చెయ్యి. ఆయనదీ మాదీ పక్కపక్క ఇళ్ళు, కొట్టుగదికి రెండువైపులా తలుపులు. ఆయన ఆలోచన ఎలా సాగిందో ఊహించుకోండి: ఈ అమ్మాయి ఆఫీసు మనిషి. ఆఫీసువాళ్ళు ఊరంతా వెతుకుతారు గానీ తమ మనిషి ఇల్లు వెతకరు. కాబట్టి సరుక్కి ఆ ఇంటిని మించిన చోటు లేదు.

"దొరికితే కేసు మన మీద పడుద్ది వదినా. నాన్న లైసెన్సు పోద్ది. పోయి నాన్నకి చెప్పేద్దాం."

"చెబితే పెదమావయ్యగారు తలెత్తుకుంటారా? ఊరుకో. అత్తయ్యకి అసలే చెప్పకు."

"మరి అమ్మ నన్ను అనుమానిస్తోందిగా!"

"అనుమానించనీ. నీకు అలవాటేగా."

తర్వాత మూడోరోజు పొద్దున ఊళ్ళోకి జీపొచ్చింది. తెల్ల జీపు, తలుపు మీద ప్రభుత్వం వారి అక్షరాలు. వీధిలో మనుషులు మాయమయ్యారు. పెదనాన్న మా వసారాలోకి పరుగున వచ్చి, కొట్టుగదిలోకి వెళ్ళాలో వద్దో తెలీక గడప మీద ఒక కాలు, బయట ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. జీపు మా గుమ్మం ముందే ఆగింది. ఖాకీ సంచీ తగిలించుకున్న ఒక పెద్దమనిషి దిగి, "అమ్మా, మీ ఇంట్లో చీకటిగా, చల్లగా ఉండే కొట్టుగది ఉందంటగా? ఒకసారి చూపిస్తారా?" అన్నాడు.

 వదిన మంచం లాగి కొట్టుగది తలుపుకి అడ్డంగా వేసింది. పెదనాన్న భుజం పట్టుకుని దానిమీద కూర్చోబెట్టింది. "ఉందండీ. కానీ మా పెదమావయ్యగారి మాటలు రికార్డు చేస్తున్నా. మధ్యలో ఆపితే పాడైపోద్ది. కాసేపు కూర్చోండి" అంటూ బటన్ నొక్కింది. తర్వాత ఆయన వైపు తిరిగి మెల్లిగా, "చెప్పండి మావయ్యగారూ. ఎవరూ కేసు పెట్టలేనంత పాతది ఏదైనా చెప్పండి" అంది.

అప్పటికి గాని పెదనాన్నకి అర్థం కాలేదు, బేళ్ళ సంగతి ఈ అమ్మాయికి తెలుసనీ, తెలిసీ నోరు విప్పలేదనీ. ఒకసారి తలుపు వంక, ఒకసారి ఆవిడ వంక చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. ముందు తలుపు కాపాడుకోవడానికే మాట్లాడాడు. జొన్నచేల గురించి, పొగాకు ఆకుని వేడి గొట్టాలతో ఎండబెట్టే బ్యారన్ ఊరికి మొదటిది కట్టినప్పుడు జనం తిరనాళ్ళకి వచ్చినట్టు వచ్చి చూడటం గురించి. పోనుపోను ఆయన గొంతు మారింది. పదహారేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం బ్యారన్ మంట చూస్తూ ఉండమని తాతయ్య కూర్చోబెడితే నిద్రపోయాడట. ఆకు జారి వేడి గొట్టం మీద పడి అంటుకుంది. బ్యారన్ మొత్తం బూడిదయింది. అందరూ పాలేరుని అనుమానించారు. ఆ పాలేరు, తను కాదని రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పకుండా పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని అద్దంకి అవతలికి వెళ్ళిపోయాడు.

"నిద్రపోయింది నేనమ్మాయ్. ఇంతవరకూ ఎవరికీ చెప్పలా. మా అయ్యకి కూడా చెప్పలా."

అమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.  క్యాసెట్టు తిరుగుతోంది. అప్పుడు ఖాకీ సంచీ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"ఏమీ అనుకోకండి. నా ఐసు కరిగిపోతోంది. గొడ్లకి గాలికుంటు టీకాలు. మందు పెట్టె కాసేపు నీడన పెట్టుకుందామనీ..."

పెదనాన్న మంచం మీద వెనక్కి వాలిపోయాడు. నేను మందు పెట్టెని మా నీళ్ళ కుండల పక్కన పెట్టించాను. అమ్మ ఆయనకి మజ్జిగిచ్చింది. ఆ తర్వాత ఇంటి వాసన గురించి నన్ను ఏమీ అడగలేదు. పెదనాన్న కూర్చున్న మంచం వైపు, దాని వెనక తలుపు వైపు చూసి, "పిచ్చి మనిషి" అని మాత్రం అంది.

పెదనాన్న మాట్లాడినా ఎవరూ పట్టుకుపోలేదని ఊరంతా తెలిసింది. అంతటితో ఊరికి మతిమరుపు వదిలింది. చెప్పేవాళ్ళు వసారాలో వరసకట్టారు. మతిమరుపు పెద్దావిడ ఒక్కత్తే రెండు క్యాసెట్లు తినేసింది. వదిన పెదనాన్న క్యాసెట్టు మాత్రం కాపీ తీసుకోకుండా ఆయన చేతిలో పెట్టేసింది. ఆ చదువు మొత్తానికీ అంతకంటే మంచి రికార్డు దొరకదని నాకే తెలుస్తోంది. "ఇది మీది మావయ్యగారూ" అంది. దాంతో ముప్పైకి ఒకటి తగ్గింది. ఆ లోటు రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న టీకాల పెద్దమనిషి తీర్చాడు. రెండో విడతకి వచ్చినప్పుడు తన చిన్నతనమంతా చెప్పాడు. అందులో ఎక్కువ భాగం దున్నపోతులే. వదిన రాసిన ఎం.ఫిల్. పుస్తకం గడువులోపు మాస్టారికి అందింది. టేపురికార్డరు అటకెక్కలేదు. ఆ జోకు నాదేనని వదినకి ఆ తర్వాత చెప్పాను. "మొదటిరోజే తెలుసు" అంది.

పెదనాన్న ఆ నెలలోనే అద్దంకి బస్సెక్కాడు. పాలేరు అప్పటికే పోయాడట. కొడుకుని కలిసి, చెప్పాల్సింది చెప్పి, సాయంత్రానికి తిరిగొచ్చాడు. "ఏమన్నాడు పెదనాన్నా?" అంటే, "ఏమీ అనలేదురా. మంచోడు. మంచం వాల్చి కూర్చోమన్నాడు" అన్నాడు.

కరుక్ వాళ్ళు దగ్గరి గతానికీ పురాతన గతానికీ వేరువేరు ముక్కలు ఎందుకు పెట్టుకున్నారో నాకు తెలీదు. అవి రెండూ దూరదూరంగా ఉంటాయని మాత్రం నేనూ చాలాకాలం నమ్మాను. కిందటేటి పొగాకు పక్కింట్లో దాచి నిశ్చింతగా నిద్రపోయిన మనిషిని, యాభై ఏళ్ళ కిందటి మధ్యాహ్నం నిద్ర మాత్రం ఇంకా వదల్లేదు. కాలం ముందుకే పోతుందంటారు గానీ, అది మనిషిని ఎక్కడ వదిలి పోతుందో ఎవరికీ తెలీదు. ఇక ఆ పదహారు బేళ్ళూ వేలానికి వెళ్ళేలోపే బూజు పట్టిపోయాయి. పొగాకు బేళ్ళ కింద చెక్కలు పరవాలి. వట్టి నేల మీద పెడితే చెమ్మ లాగుతాయి.