మొర్రి మొక్కకు పోసిన నీళ్ళు

మార్కాపురంలో కంభం రోడ్డు మీద ఓ చిన్న నర్సరీ ఉంది. ముందువైపు అంతా గులాబీలు, క్రోటన్లు, అంటు మామిళ్ళు. వెనక ఆకుపచ్చ వల కింద మాత్రం ఎవరూ అడగని అడవి మొక్కలు ఉంటాయి: రేల, ఏగి, నల్లమద్ది, సారపప్పు కాసే మొర్రి. నర్సరీ నడిపే సాయిబన్న ఎండాకాలంలో నల్లమల అంచు ఊళ్ళకు పోయి, గింజలు తనే ఏరుకొచ్చి నల్ల కవర్లలో మొలకెత్తిస్తాడు.

ఆ చోటు కనిపెట్టింది మా ఆయనే, డయాలసిస్ మొదలయ్యాక. ఆయన గిద్దలూరు, శ్రీశైలం రూట్లలో జీవితమంతా తిరిగిన బస్సు కండక్టరు. వేసవిలో దోర్నాల దగ్గర చెంచు ఆడవాళ్ళు ఆకు దొప్పల్లో మొర్రిపండ్లు అమ్మేవాళ్ళు. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు వాటిని టికెట్ల సంచిలో పెట్టుకుని తెచ్చేవాడు. సంచి నిండా మరకలు, నా నోటి నిండా తిట్లు. తిడుతూనే సగానికి పైగా నేనే తినేదాన్ని.

మా వైపు కిడ్నీ జబ్బు కొత్తేమీ కాదు. అయినా మన ఇంటికి వచ్చేదాకా అది పక్కింటి జబ్బే. రోజుకు అరలీటరుకు మించి నీళ్ళు తాగకూడదన్నాడు డాక్టరు. పొద్దున్నే సీసాలో కొలిచి పోసి, దానికి కాపలా కాసేదాన్ని. పోలీసోళ్ళు నయం నాకంటే.

ఒకరోజు ఆసుపత్రి నుంచి వస్తూ ఆటో ఆపించి మొర్రి మొక్క అడిగాడు. సాయిబన్న జానెడు మొక్కను తెచ్చి చేతిలో పెట్టాడు.

"కాపుకు ఆరేడేండ్లు పడతాదన్నా. నీళ్ళు మాత్రం ఎక్కువ పొయ్యొద్దు. అడవి మొక్క ఇది. నాలుగు దినాలకొకసారి చెంబెడు చాలు."

"ఆరేడేండ్లా? కానీలే, ఎవురో ఒకరు తింటారు," అని నవ్వాడు మా ఆయన. నేను రోడ్డు వైపు తిరిగి వచ్చే పోయే లారీలను చూస్తూ నిలబడ్డాను.

గేటు పక్కన నాటాం. ఆయన పొద్దస్తమానం దాని దగ్గరే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నెల తిరగకముందే ఆకులు పసుపు పచ్చగా మారి రాలడం మొదలుపెట్టాయి. మట్టి మంచిది కాదేమో అనుకున్నాను. ఓ మధ్యాహ్నం బట్టలు తీద్దామని బయటికొస్తే, మేం తాగడానికి కొనుక్కునే మినరల్ వాటర్ క్యాను వంచి మొక్కకు పోస్తున్నాడు.

"ఏమయ్యా, తాగే నీళ్ళు మొక్కకు పోస్తారా ఎవురన్నా? నాలుగు దినాలకొకసారి అని చెప్పలా ఆ అన్న?"

"దినామూ పోస్తానే ఉండా," అన్నాడు, దొరికిపోయినందుకు సిగ్గేమీ లేకుండా. "ఈ ఎండకు దానికి దప్పి గాదా? నేను ఎట్లాగూ తాగలేను. దాన్నన్నా తాగనీ."

నీళ్ళ ట్యాంకరు వెనక బిందెలతో పరిగెత్తి పెరిగినవాళ్ళం మేము. నీళ్ళెక్కువై ఏదైనా చస్తుందంటే మా వాళ్ళెవరికీ నమ్మబుద్ధి కాదు. డాక్టరు చెప్పిన మాటను కూడా ఆయన మనసులో నమ్మలేదనే నా అనుమానం.

మొక్క చచ్చిపోయింది. తవ్వి చూస్తే వేర్లు నల్లగా కుళ్ళిపోయి ఉన్నాయి. నాకు కోపం ఆగలేదు. "అరలీటరుతో నువ్వు బతకట్లా? అది నాలుగు దినాలు ఉండలేదా? చేజేతులా చంపినావు," అన్నాను. ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని లోపలికి పోయాడు. మా ఇళ్ళల్లో మొగుడికి క్షమాపణ చెప్పుకునే అలవాటు ఎక్కడిది? సాయంత్రం జొన్నరొట్టె మెత్తగా చేసి పెట్టాను. తిన్నాడు. మొక్క మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండు నెలలకు, ఓ ఆదివారం, ఎండ మండిపోతోంది. సీసా మధ్యాహ్నానికే ఖాళీ అయింది.

"ఇంగో గుక్క ఇయ్యే," అన్నాడు.

"అయిపాయె గదా. రేపు పొద్దున్నే డయాలసిస్ ఉంది, ఓర్చుకో."

నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. రెండోసారి అడగలేదు. సాయంత్రానికి ఆయాసం ఎక్కువైంది. ఒంగోలు తీసుకుపోతుంటే పొదిలి దాటకముందే అంబులెన్సులో ప్రాణం పోయింది. వచ్చిన చుట్టాలంతా, నేను ఆయన్ను కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నానన్నారు.

వానలు పడ్డాక ఒక్కదాన్నే నర్సరీకి వెళ్ళాను. సాయిబన్న నన్ను చూసి, ఆయన కోసం ఆటోలోకి తొంగి చూశాడు. విషయం చెప్పాను. చేతిలో ఉన్న నీళ్ళ పైపు కింద పడేశాడు. మొదటి మొక్క ఎట్లా పోయిందో కూడా చెప్పాను.

"దప్పి చూసి ఓర్చుకోలేకపోయినాడు పాపం. అందరూ చేసేదేనక్కా," అంటూ ఇంకో మొర్రి మొక్క తెచ్చిచ్చాడు.

దాన్ని పాత గుంటకు కాస్త ఎడంగా నాటాను. నాలుగు రోజులకొకసారి చెంబెడు, అంతే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆకులు వాడిపోయి వేలాడేవి. చెంబు తీసుకుని గేటు దాకా పోయి, నీళ్ళు పోయకుండా వెనక్కి వచ్చేదాన్ని. ఎన్నిసార్లు అట్లా తిరిగానో నాకే తెలియదు. వాన పడగానే కొత్త చివుళ్ళు వేసింది. ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది.

పోయిన నెల సాయిబన్న మా వీధిలో ఎవరికో మొక్కలు దించడానికి వచ్చి, మా గేటు దగ్గర ఆగాడు. మొర్రి కాండాన్ని పట్టుకుని కదిలించి చూశాడు.

"వేరు లోపలికి దిగిందక్కా. ఇంగ భయం ల్యా. వాడిపోతా ఉంటే చూస్తా చెయ్యి కట్టేసుకునేది అందరికీ చాతగాదు. నువ్వు గట్టిదానివి."

మెచ్చుకున్నాడు గదా, నవ్వాలి. నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ కన్నబిడ్డలకు కూడా చెప్పని మాట సాయిబన్న ముందు నోట్లోంచి వచ్చేసింది.

"ఆయనక్కూడా అట్లనే కట్టేసుకున్నానన్నా. చివరి దినం ఒక్క గుక్క అడిగినాడు. ఇయ్యలా. ఇచ్చినా ఆ దినం దాటేవాడు కాదేమో. దప్పి తీరి పోయేవాడు గదా."