తొమ్మిదో హోల్ దగ్గర చున్నీ

బుజ్జీ, కిట్టూ, మీరిద్దరూ పుణె నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "అమ్మమ్మా, నువ్వు నిజంగా గోల్ఫ్ ఆడతావా?" అని అడిగి నవ్వుతారు. ఆడతానమ్మా. ఈసారి సెలవులకి వస్తే మిమ్మల్ని కూడా తీసుకెళ్తాను. ఎలా వెళ్లాలో, ఎక్కడ ఏం తినాలో, ఎక్కడ భయపడాలో ముందే చెబుతాను, వినండి.

తాతయ్య బొగ్గు గనుల్లో ఇంజనీరుగా ఉన్నప్పుడు మా కాలనీలో చిన్న గోల్ఫ్ మైదానం ఉండేది. ఆ ఎండలకి గడ్డి బతికేది కాదు. అందుకని గుంట చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిచేవాళ్ళు. దాన్ని బ్రౌన్ అనేవాళ్ళం. బంతి అక్కడిదాకా వచ్చాక, బంతికీ గుంటకీ మధ్య ఒక చెక్క లాగి, చెప్పుల జాడలు చెరిపి, దారి చదును చేసుకుని, అప్పుడు మెల్లగా కొట్టాలి. అక్కడ అదే పద్ధతి. పక్క క్వార్టర్లో ఉండే రమణీ, నేనూ అలాగే నేర్చుకున్నాం. చెక్క నేను లాగేదాన్ని, బంతి తను కొట్టేది.

ఇప్పుడు మేం అశోక్‌నగర్‌లో, రమణి నారాయణగూడలో. రెండువేల పదకొండులో వాళ్ళాయన పోయారు. అప్పట్నుంచి రమణి ఆ రెండో అంతస్తు మెట్లు దిగలేదు. కూరగాయలు కూడా తాడుకి బుట్ట కట్టి పైకి లాక్కునేది. నేను వెళ్ళినప్పుడు కాఫీ ఇచ్చేది, నేను మాట్లాడితే వినేది, అంతే. "అమ్మని ఎలాగైనా కిందికి దింపండి పెద్దమ్మా" అని వాళ్ళమ్మాయి ఫోన్లో ఏడ్చింది.

అలాంటప్పుడే తెలిసింది. ఊరి పడమటి అంచున, బండరాళ్ల మధ్య ఒక మైదానం ఉందని, బుధవారం పొద్దున్నే బయటి ఆడవాళ్ళని ఆడనిస్తారని. కాకపోతే కొత్తవాళ్ళు ముందు పరీక్ష నెగ్గాలి. జంటగా, ఒకటే బంతి, ఒకసారి ఒకరు, తర్వాత ఇంకొకరు కొట్టాలి. తొమ్మిది హోల్స్, అంటే తొమ్మిది గుంటలు, డెబ్బై దెబ్బల్లో పూర్తి చేయాలి.

వారం రోజులు బతిమాలితే రమణి ఒప్పుకుంది. "నెగ్గితే బుధవారం బుధవారం వస్తానక్కా. ఓడితే మాత్రం నన్నింక దేనికీ పిలవకు. నా గదిలో నన్నుండనియ్" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గెలుపోటముల సంగతి కాదు. ఓడిపోతే రమణి తలుపు ఇంక తెరుచుకోదని.

అది రెండువేల పన్నెండు. ప్రత్యేక రాష్ట్రం కోసం రోజు విడిచి రోజు బంద్ అంటున్న కాలం. ఆ బుధవారం కూడా బంద్ ఉంటుందో లేదో ముందు రోజు సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు, చివరికి లేదన్నారు. పొద్దున ఐదున్నరకి మా సందు చివర యాదగిరి ఆటో ఎక్కాను. మీటర్ మీద కొంత ఎక్కువిస్తే అక్కడే ఆగి తిరిగి తీసుకొస్తానన్నాడు. ఇడ్లీ డబ్బా, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకున్నాను. కర్రల సంచీ ఆటోలోంచి సగం బయటికే ఉంది.

చాయ్ బండి దగ్గర, ఉద్యోగ పరీక్షలకి చదివే హాస్టల్ పిల్లలు అప్పటికే పుస్తకాలతో నిలబడ్డారు. ఒకడు సంచీ చూసి, "అమ్మా, కట్టెలు మూటగట్టిండ్రు, ధర్నాకా ఏంది?" అన్నాడు.

"నీ పుస్తకం నువ్వు సూస్కో తమ్మీ" అన్నాడు యాదగిరి. "అమ్మ గూడ పరీక్షకే పోతుంది."

"గట్లనా! ఎన్నోసారి అమ్మా?"

"మొదటిసారి నాయనా" అన్నాను.

"నాది నాల్గోసారి. పరేషాన్ గాకుండ్రి."

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు ఖాళీగా ఉంది. నారాయణగూడలో రమణి ఇంటి కింద ఆగాం. పైన దీపం వెలుగుతోంది, మనిషి జాడ లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. యాదగిరి హారన్ కొట్టబోతే వద్దన్నాను. చప్పుడుకి బెదిరి ఆగిపోతుందేమోనని. చాలాసేపటికి మెట్ల మీద చప్పుడైంది. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ దిగింది. తల మీద వాళ్ళాయన టోపీ. నేను జరిగి చోటిచ్చాను. తను ఎక్కి కూర్చుంది.

చౌరస్తా దగ్గర పోలీసాయన ఆటో ఆపాడు. బంద్ రోజుల్లో ఇనప కర్రలు కనిపిస్తే ఆపడా మరి!

"ఏముందమ్మా గా సంచిల?"

"గోల్ఫ్ కర్రలు బాబూ."

ఆయన ఒకటి బయటికి లాగి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరివి?"

"మావే."

మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "ఈ వయసులనా?" అని నవ్వి కర్ర లోపల పెట్టేశాడు. ఇక ఇంటికెళ్ళిపోదాం అంటుందేమోనని రమణి వైపు చూశాను. తను టోపీ ఇంకొంచెం కిందికి లాక్కుంది.

హిమాయత్‌నగర్, లక్డీకాపూల్, మాసాబ్‌ట్యాంక్ దాటి మెహదీపట్నంలో చాయ్ తాగడానికి ఆగాం. రమణి ముట్టలేదు. ఏడింటికి మైదానం చేరాం.

అబ్బ, ఏం చోటమ్మా అది! ఏనుగులంత బండలు, వాటి మధ్య పచ్చటి గడ్డి, అడుగడుగునా నీళ్ళు. మా కాలనీ మైదానం దీని ముందు పెరడు. మా దెబ్బలు లెక్కపెట్టడానికి ఫిరోజా గారని ఒకావిడ వచ్చారు. మా ఈడే ఉంటారు, నడకలో మాత్రం చురుకు. "భయపడొద్దు, ఆడండి. బంతులు చానా తెచ్చుకున్నారా? మా చెరువులకి ఆకలెక్కువ" అన్నారు నవ్వుతూ.

మొదటి దెబ్బ నాది. బంతి ముక్కుతూ మూలుగుతూ పొదలోకి దూరింది. రమణి ఒక్క దెబ్బతో దాన్ని బయటికి తీసింది. నాలుగు హోల్స్ దాకా అదే తంతు. నేను పాడు చేయడం, తను సర్దడం. మనసులో లెక్క పెట్టుకుంటూ, ఫిరోజా గారి మొహం చూస్తూ, గడ్డి మీద నడుస్తున్నానో ముళ్ళ మీదో నాకు తెలియలేదు.

ఏడో హోల్ దగ్గర చెరువు దాటించాలి. వంతు నాది. కళ్ళు మూసుకున్నంత పని చేసి కొట్టాను. బంతి బండకి టంగున తగిలి మా తలల మీదుగా వెనక్కి వెళ్ళి పడింది. ముందు పడాల్సింది వెనక పడిందన్నమాట.

"అక్కా, ఇంటికి దారి బంతికి కూడా తెలిసిపోయింది" అంది రమణి.

ఏడాదిలో తను వేసిన మొదటి హాస్యం అది. నవ్వితే ఎక్కడ ఆగిపోతుందోనని నవ్వలేదు నేను. తను బంతి దగ్గరికి వెళ్ళి, నిలబడి, ఒక్కటే దెబ్బ. చెరువు మీదుగా తెల్లగా ఎగిరి అవతలి గడ్డి మీద పడింది. "మాషా అల్లా!" అన్నారు ఫిరోజా గారు.

ఎనిమిది హోల్స్ అయ్యేసరికి ఏడు దెబ్బలు మిగిలాయి. తొమ్మిదో హోల్‌లో నాలుగు దెబ్బలకే గుంట దగ్గరి గడ్డి మీదికి చేరాం. ఇంకా మూడున్నాయి. బంతికీ గుంటకీ మధ్య పది అడుగులు. కొట్టాల్సింది రమణి. నెగ్గినట్టే అనుకున్నాను. రమణి టోపీ సర్దుకుని వెనక నిలబడి చూస్తోంది. అచ్చం కాలనీలో నిలబడినట్టే.

ఇక నేనేం చేశానో వినండి. బంతి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చున్నీ చెంగుతో గుంటదాకా గడ్డిని శుభ్రంగా తుడిచి, నిమిరి, చదును చేశాను. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది.

"అరె, ఏం చేస్తున్నారమ్మా?" అన్నారు ఫిరోజా గారు. "గడ్డికి తల దువ్వుతున్నారా?"

"దారి... దారి చేస్తున్నానండీ."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. గడ్డి మీద దారిని అలా ముట్టుకోకూడదట. శిక్షగా మా లెక్కకి రెండు దెబ్బలు కలపాలట. "నాకు గూడ మంచిగ లేదు, గానీ రూల్ రూలే" అన్నారు.

ఒక్క దెబ్బ మిగిలింది. రమణి నా వైపు చూడలేదు. వంగి, మెల్లగా కొట్టింది. బంతి నేను నిమిరిన దారి వెంటే వెళ్ళి, గుంట అంచు మీద ఆగింది. లోపలికి తొంగిచూస్తున్నట్టు ఆగింది. మేం ముగ్గురం వంగి చూశాం. పడలేదు. నేను వెళ్ళి లోపలికి నెట్టాను. డెబ్బై ఒకటి.

"వచ్చే నెల మళ్ళీ పరీక్ష పెడతారు" అన్నారు ఫిరోజా గారు నా భుజం మీద చెయ్యి వేసి. నాకు వినపడలేదు. ఓడితే నన్నింక పిలవకు అన్న మాటే వినిపిస్తోంది.

తొమ్మిదిన్నరకి ఆటో ఎక్కాం. ఇడ్లీ డబ్బా మూత తీయలేదు. మెహదీపట్నం వచ్చింది. అక్కడ రమణి మొదలుపెట్టింది.

"ఎవరు తుడవమన్నారు నిన్ను?"

"పొరపాటైంది రమణీ."

"పొరపాటేంటి? మోకాళ్ళ మీద కూర్చుని మరీ! ఊరికే నిలబడి ఉంటే ఒక దెబ్బ మిగిలేది!"

"నిజమే."

"చున్నీ ఒకటి మళ్ళీ! నేను కొట్టేటప్పుడు నీ చేతులు నువ్వు కట్టుకుని నిలబడలేవా?"

లక్డీకాపూల్ దాకా తిట్టింది. హిమాయత్‌నగర్ దాకా తిట్టింది. మధ్యలో నా ఒళ్ళోంచి డబ్బా లాక్కుని మూడు ఇడ్లీలు తిని మళ్ళీ తిట్టింది. యాదగిరి అద్దంలో నన్ను చూసి, "అమ్మా, పరీక్ష తప్పినట్టుంది" అన్నాడు మెల్లగా.

"ఒక్క మార్కుతో పోయింది నాయనా" అంది రమణి. "ఈవిడ వల్ల."

నారాయణగూడలో వాళ్ళ ఇంటి ముందు ఆటో ఆగింది. రమణి దిగలేదు.

"ఇంకా ముందుకి పోనీయ్ బాబూ, అశోక్‌నగర్ దాకా" అంది.

"మీ ఇల్లు ఇదే గద అమ్మా?"

"నాకు తెలుసులే. వీళ్ళింటి పక్క పార్కులో గడ్డి ఉంది. వచ్చే నెల పరీక్షలోపు ఈవిడకి దాని మీద చేతులు కట్టుకుని నిలబడడం నేర్పాలి."

పుణె నుంచి మీరొచ్చాక మీకు కూడా తనే నేర్పుతుంది. నోరు కొంచెం ఎక్కువ. దారి మాత్రం నేను చెప్పినదే: చిక్కడపల్లి, నారాయణగూడ. అక్కడ ఆగి హారన్ కొట్టండి, ఏం ఫర్వాలేదు. మీకంటే ముందే కింద నిలబడి ఉంటుంది.