పురుగు పట్టని మొక్క

బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా ఇంటి వెనక తలుపు తీయగానే చవక సబ్బునూ, మిగలపండిన పండునూ కలిపినట్టుండే ఒక తీపి వాసన ముఖానికి తగిలేది. హిమాలయాల నుంచి ఎప్పుడో, మేమున్న ఈ పడమటి దేశానికి వచ్చిన గులాబీరంగు పూలమొక్కది అది; మన చిలకగోరింటకు దగ్గరి చుట్టం. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న కొవిడ్ ఆంక్షల రోజుల్లో, నిరుటి శరత్తులో, మా అమ్మాయి కీర్తి నది గట్టున దాని గింజలేరి జేబులో వేసుకొచ్చింది. చలికాలమంతా ఆరుబయట తొట్టిలో ఉన్న గింజలు వసంతానికి మొలిచాయి. వాటిలో నిలిచిన ఒక్క మొక్క జూలై వచ్చేసరికి నా తల దాటింది. బడి మూతపడి, స్నేహితులు తెరల మీదికి మారిపోయిన ఆ నెలల్లో కీర్తి రోజూ పలకరించిన ప్రాణి అదొక్కటే. దాన్ని పెంచడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదని, నది గట్లను అదే మింగేస్తోందని గోడ అవతలి ముసలావిడ మర్యాదగా చెప్పింది. కాయలు పగలకముందే పీకెయ్యాలి. నాకు చేతులు రాలేదు.

గుంటూరు జిల్లాలో నేను పెరిగిన మిషన్ ఆసుపత్రి కాంపౌండులో నర్సుల క్వార్టర్లన్నీ ఒకే వరసలో, ఒకే పొడుగాటి వసారాతో ఉండేవి. మా గుమ్మం ముందు చిలకగోరింట మడి, అక్కడే నర్సుగా చేసే మా పెద్దమ్మది. తొలకరికి గింజలు చల్లితే కోత పండుగకు, అంటే చర్చిలో బల్ల చుట్టూ గుమ్మడికాయలూ, చెరకుగడలూ, నూనె ఓడుతున్న అరిసెల పళ్లేలూ పేర్చే ఆదివారానికి, ఆ పూలు అందాలి. కానీ ఆ మడిని సుఖంగా పూయనిచ్చే జీవి ఒక్కటీ ఉండేది కాదు. తోక మీద కొమ్మున్న లావుపాటి పురుగులు ఆకుల్ని ఈనెలు మాత్రం మిగిలేలా కొరికేవి, అడుగాకులకు బూడిద తెగులు పట్టేది, కోళ్లు మొదళ్లు గీకేవి, పక్కవాళ్ల మేక కంచెలోంచి మూతి పెట్టేది. వాన వెలిసిన ఉదయాల్లో నేనూ అక్కా పుల్లలతో పురుగులేరి కొబ్బరిచిప్పలో వేసేవాళ్లం. మోకాలెత్తుకు మించని ఆ మొక్కలు అయినా పూసేవి. ముదిరిన కాయను నొక్కితే టప్పున పగిలి, తొక్క వేలికి చుట్టుకునేది.

మందు కొట్టించమని నేను గొడవ చేస్తే పెద్దమ్మ నవ్వింది. "పురుగే ముట్టని ఆకు మంచిదెట్టా అయిద్దిరా? దానికి తెలవంది నీకు తెలుసా?"

ఆ వసారాలో మా మీద కూడా అందరికీ హక్కుండేది. మార్కులూ, తలనూనె, ప్రార్థనలో కునికిపాటూ దేన్నీ వదిలేవారు కాదు. ఏదో ఒక గుమ్మం ముందు మాట పడకుండా ఇల్లు చేరిన రోజు లేదు. "ఏందిరా ఆ నడక? చెప్పుల్ని నువ్వు మోస్తన్నావా, అయ్యే నిన్ను మోస్తన్నయ్యా?" అనేది పెద్దమ్మ, పదిమందీ వినేలా. అది నాకు పట్టిన చీడ అనుకున్నాను. ఎవరూ ఏమీ అనని చోటుకు చేరాలనుకున్నాను, చేరాను. ఈ ఏప్రిల్‌లో పెద్దమ్మ కొవిడ్‌తో పోయింది. ఆమె భూస్థాపన ఆగి ఆగి కదిలే ఫోన్ తెర మీద చూశాను.

చివరికొక శనివారం కీర్తిని తొట్టి దగ్గర కూర్చోబెట్టాను.

"బట్ ఇట్స్ డూయింగ్ గ్రాండ్ హియర్, డాడీ," అంది.

ఇక్కడ అంత బాగా ఎదగడమే చిక్కు అని చెప్పాను. పుట్టిన కొండల్లో దీన్ని తినే పురుగులూ, ఆకుకు పట్టే తెగుళ్లూ ఉంటాయి. గింజలు ఓడెక్కినప్పుడు అవి వెంట రాలేదు. వాటి నుంచి కాచుకోవడానికి పోవలసిన శక్తి ఎదుగుదలకు మళ్లిందని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. కారణం అదొక్కటే అని ఖాయంగా చెప్పలేం. చెబుతూ చెబుతూ కొబ్బరిచిప్ప దాకా, పెద్దమ్మ మాటల దాకా వెళ్లిపోయాను. చెప్పుల మాటకు కీర్తి పగలబడి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "నోబడీ సేస్ స్టఫ్ లైక్ దట్ టు మీ," అంది. అది నేను తనకిచ్చిన వరమని అంతవరకూ అనుకుంటూ ఉన్నాను.

తనే పీకుతానంది. రెండు చేతులా కాండం పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి లాగింది. అంత బలం అక్కరలేకపోయింది, మొక్కతో పాటు వెనక్కి కూలబడింది. వేళ్లు జానెడు లోతు కూడా దిగలేదు.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, అక్కడ కార్లు నిలుపుతున్నారు. వసారా పిల్లలం తలా ఒక దేశంలో బాగానే ఎదిగాం. ఫోన్లలో ఒకరి ఫొటోలు ఒకరం మెచ్చుకోవడం తప్ప ఎవరినీ ఎవరం ఏమీ అనం.

కీర్తి చేతులు దులుపుకుని ఖాళీ తొట్టి వైపు చూసింది. "క్యాన్ వి గెట్ సంథింగ్ దట్ గెట్స్ ఈటెన్?"

ఇక్కడి పురుగులు ఏం తింటాయో, ఇన్నేళ్లుండీ, నాకు తెలియదు.