తెర వేసిన పావుగంట

పక్షం రోజుల కిందట పొద్దున్నే పిన్నిగారు ఫోన్ చేశారు. "మీ బాబాయిగారు వెళ్ళిపోయేరమ్మా," అని పెట్టేశారు. ఆయన అమలాపురంలో మా పక్కింటి ఫోటోగ్రాఫర్. రక్తసంబంధం లేదు, పిట్టగోడ సంబంధమే. నా పెళ్ళి ఫోటోలు తీసింది ఆయనే. ఆ రోజు అందరి ముందూ నన్ను కసిరిందీ ఆయనే. ఆ కసురు నాలుగేళ్ళు మనసులో పెట్టుకున్నాను.

బాబాయిగారిది నిదానం. ఎవరేం చెప్పినా ముందు "ఆయ్" అనేవారు, తర్వాత తనకు తోచిందే చేసేవారు. మండువేసవిలోనూ కెమెరా సంచికి ప్లాస్టిక్ కవరు తొడిగేవారు. నవ్వండి, నవ్వండి అని పెళ్ళివాళ్ళ మీద అరిచే ఫోటోగ్రాఫర్లంటే చిరాకు. "నవ్వమంటే పళ్ళు కనబడతాయి గానీ మనిషి కనబడరండీ," అనేవారు.

నా పెళ్ళి రాజోలు వైపు ఒక గుళ్ళో. మాఘమాసంలో అక్కడ దర్శనాల జనమూ పెళ్ళిళ్ళ జనమూ కలిసి కాలు పెట్టే సందుండదు. నాన్నగారికి అప్పటికి ఏడాది కిందటే పక్షవాతం వచ్చింది. చక్రాల కుర్చీలోంచి లేచినా రెండు నిమిషాలకు మించి నిలబడలేరు. ఆయన కోరింది ఒక్కటే. "అమ్మాయి పక్కన నిలబడి ఒక్క ఫోటో. కుర్చీలో వద్దు."

బాబాయిగారు మూడు రోజుల ముందే బస్సెక్కి ఆ గుడికి వెళ్ళి, మధ్యాహ్నం దాకా కూర్చుని వచ్చారు. "నివేదనకి తెర వేసేక పావుగంట దర్శనం ఆపుతారమ్మా. జనం క్యూలోనే కూలబడతారు. తూర్పు మండపం ఖాళీ. దేవుడు భోంచేసే వేళే మన వేళ," అంటూ మా శుభలేఖ వెనక పెన్సిలుతో ఏదో గీసుకున్నారు.

తీరా పెళ్ళినాడు తెర పడేసరికి తూర్పు మండపంలో ఆరు జంటలు, ఆరుగురు ఫోటోగ్రాఫర్లు! బాబాయిగారు చూసొచ్చింది ముహూర్తం లేని రోజు. అంత అనుభవం ఉన్న మనిషికి ఆ సంగతి తట్టనేలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన సంచి కింద పెట్టి, చేతులు జోడించి అందరి మధ్యకూ వెళ్ళారు.

"అయ్యా, అమ్మా, ఈయన రెండు నిమిషాలే నిలబడగలరండీ. మీరు కాస్త అటు తిరిగి చుట్టూ నిలబడితే ఎవరూ తోసుకురారు. తర్వాత మీ అందరికీ నేనే దగ్గరుండి చోటు చూపిస్తానండీ."

జుట్టులో ఇంకా తలంబ్రాల బియ్యం రాలుతున్న ఆ పెళ్ళికూతుళ్ళూ పెళ్ళికొడుకులూ మాకు వీపులు పెట్టి చుట్టూ నిలబడ్డారు. నాన్నగారు చేతికర్ర మా ఆయనకిచ్చి లేచారు. ఒళ్ళు తూలింది. నేను చటుక్కున ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

"చెయ్యి తియ్యమ్మా!" అని కసిరారు బాబాయిగారు. ఆయన గొంతు అంత పెరగగా నేనెప్పుడూ వినలేదు.

తీశాను. నాన్నగారు నిలబడ్డారు. ఫోటో పడగానే కుర్చీలో కూర్చోబెట్టాం. మిగతా పావుగంటంతా బాబాయిగారికి ఆ జంటలకు చోటు చూపించడంతోనే సరిపోయింది. నాకూ మా ఆయనకూ తోపులాటలో తీసిన ఫోటోలే దక్కాయి. దానికి నేను బాధపడలేదు. ఫోటో బాగా రావడం కోసం కన్నతండ్రిని పట్టుకోనివ్వరా అని మాత్రం ఉడికిపోయాను. ఆ తర్వాత ఆయన పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చేదాన్ని.

నాన్నగారు మళ్ళీ నిలబడలేదు. ఆ వానాకాలమే పోయారు. ఆ ఫోటో మా హాల్లో ఉంది.

బాబాయిగారి పదోరోజున పిన్నిగారు పెట్టెలోంచి నా శుభలేఖ తీసి చేతిలో పెట్టారు. "నీదేనమ్మా. ఎందుకో దాచుకున్నారు."

దాని వెనక ఆ రోజు పెన్సిలుతో గీసుకున్న బొమ్మ: ఒక స్తంభం, ఎండ వచ్చే వైపుకు బాణం గుర్తు, రెండు సున్నాలు. ఒకదాని కింద 'అమ్మాయి', రెండోదాని కింద 'అన్నయ్యగారు'. నాన్నగారిని ఆయన అలాగే పిలిచేవారు. పక్కన చిన్న అక్షరాలతో, "ఎవరూ పట్టుకోకూడదు. అన్నయ్యగారు మరీ మరీ చెప్పేరు."

ఆ మాట ఒక్కసారి నాతో అనుంటే సరిపోయేది. అనలేదు. నా మూతిముడుపు నాలుగేళ్ళూ భరించారు. బాబాయిగారూ, ఇప్పుడు క్షమించమని ఎవరిని అడగను?

మొదట ఆ రెండు సున్నాలూ ఆనుకునే గీసినట్టున్నారు. ఒకదాన్ని రబ్బరుతో చెరిపి కాస్త ఎడంగా మళ్ళీ గీశారు. ఆ చెరిపిన మరక ఇంకా పోలేదు.